చిట్టి కంప్యూటరునకు గొంతుక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు మూడును హైదరాబాదునకును విజయవాడకును నడిమి సీమలోనివి. మొదటి రెండు పెద్ద రహదారి మీదనే యున్నవి. మూడవది దానికి దక్షిణముగా సాగరు ఎడమకాలువ క్రింది పొలముల నడుమ నున్నది. కావున మా ప్రాంతమువారికి ఆదినుండియు రెండు రేడియో కేంద్రములతో చుట్టరికము కలదు. 1935లో దక్కన్ రేడియోగా వెలసి, 1950 ఏప్రిలు 1వ తేదీన ఆలిండియా రేడియోలో కలిసిన హైదరాబాదు కేంద్రము ఒకవైపు. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన విజయవాడ కేంద్రము వేరొకవైపు. మీడియం వేవు మీద ముల్లును 738 వద్ద నిలిపిన హైదరాబాదు పలికెడిది. మరికొంత జరిపి 837 వద్ద నిలిపిన విజయవాడ పలికెడిది. పిడుగుల గరగరయు, పంపుసెట్ల బరబరయు నడుమ నడుమ వినవచ్చినను, ఆ రెండు గొంతులను విడదీసి పట్టుకొను నేర్పు మా పెద్దల వ్రేళ్ళకు కలదు.

అట్టి నేర్పుగల పెద్దాయన యొకరు కోదాడలో కలరు. ఆయన మా మిత్రుని తండ్రిగారు. బడిపంతులుగా పనిచేసి విరమించిరి. ఏబది యేండ్లకు పైబడి ప్రొద్దుటి వార్తలు రేడియోలో వినియే కాఫీ త్రాగు అలవాటు వారిది. కొన్ని సంవత్సరముల క్రిందట వారి చూపు మందగించెను. చదువు పోయినది, మిగిలినది వినికిడి యొక్కటే. సరిగా ఆ కాలముననే వారి పాత వాల్వుల రేడియో మూగవోయినది. కుమారుడు క్రొత్త సెల్‌ఫోను తెచ్చి, అందులో ఆకాశవాణి కేంద్రములన్నియు వినవచ్చునని చూపెను. పెద్దాయన దానిని రెండు దినములు చేతబట్టుకొని తిరిగి యిచ్చివేసిరి. “ఈ అద్దం పలక మీద నాకు పట్టు దొరుకుతలేదు బిడ్డా! ఏలు ఏడ పెట్టిన్నో నాకే ఎరుక లేదు” అనిరి. ఆ మాట మమ్ములను ఆలోచింపజేసెను. త్రిప్పుటకు మీట యుండవలెను. పెట్టె పాతదే కావలెను. పలుకు మాత్రము క్రొత్త దారిని రావలెను. ఈ పనికి మేము ముగ్గురు మిత్రులము, మూడూళ్ళవారము, పూనుకొంటిమి. అందు నేర్చిన సంగతులను, పొరబడిన సంగతులను కూడ నేడు మనవి చేయుచున్నాము.

సూర్యాపేట మిత్రుని యింట ఒక చిట్టి కంప్యూటరు బీరువాలో పడియుండెను. కుమార్తె ఇంజనీరింగు చదువునాడు కొన్నది. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. మాది మూడవ తరమునకు చెందినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టిన యీ యంత్రము మొదటిసారి 2012 ఫిబ్రవరి 29వ తేదీన అమ్మకమునకు వచ్చెను. పిల్లలు తక్కువ వెలలో కంప్యూటరు విద్య నేర్వవలెనను తలంపుతో చేసినది. అరచేతిలో నిముడు ఒక్క పలక మీదనే దాని మెదడు, జ్ఞాపకము, అతుకుల రంధ్రములు అన్నియు అమరియుండును. వైర్‌లెస్ ద్వారా ఇంటర్నెట్టును అందుకొనును. ఇంటర్నెట్టు వచ్చిన ఆకాశవాణి వచ్చినట్లే గదా యని మేము సంబరపడితిమి.

ఆ సంబరము ఒక్క సాయంకాలమే నిలిచినది. చెవిగొట్టముల కొరకై పలక మీద నుంచిన రంధ్రమునకు తీగ తగిలించి వింటిమి. పాట వచ్చినది, పాటతోబాటు బుసబుస కూడ వచ్చినది. వార్తలు చదువువారు ఊపిరి తీసికొనుటకు ఆగినప్పుడెల్ల వెనుక ఏదియో ఇసుక రాలినట్లు వినవచ్చెను. చూపున్నవారికి అది చిన్న లోపము. చెవులే కన్నులైనవారికి అది కంటిలో నలుసు.

దీనికి కారణము తెలియవలెనన్న, కంప్యూటరునకు ధ్వని ఎట్లుండునో తెలియవలెను. గాలిలో ధ్వని అలవలె సాగును. కంప్యూటరు అలను ఎరుగదు, అంకెలనే యెరుగును. కాంపాక్టు డిస్కు పద్ధతిలో ఒక సెకండు ధ్వనిని 44,100 సారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఏదియో యొక మెట్టుగా వ్రాసికొందురు. ఈ అంకెల వరుసను మరల అలగా మార్చి లౌడుస్పీకరునకు అందించు పనివాడు ఒకడు కావలెను. ఆ పనివానినే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టరు అనియు, పొట్టిగా డ్యాక్ అనియు వ్యవహరింతురు. సౌండు కార్డునకు గుండెకాయ వంటిది అదియే.

మా చిట్టి కంప్యూటరులో అట్టి పనివాడు ప్రత్యేకముగా లేడు. వెల తగ్గించుటకై దానిని చేసినవారు ఒక ఉపాయము పన్నిరి. కాలువ తూము ఉదాహరణముగా చెప్పుకొందము. తూము తలుపు సగము ఎత్తుటకు వీలులేక, పూర్తిగా తెరచుటయో పూర్తిగా మూయుటయో మాత్రమే చేతనైనదనుకొనుడు. పొలమునకు సగము నీరే కావలెనన్న ఏమి చేయుదుము? ఒక గడియ తెరచి, ఒక గడియ మూయుదుము. సరాసరిని సగము నీరు పారును. ఆ విధముగనే ఈ యంత్రము విద్యుత్తును అతివేగముగా విడుచుచు ఆపుచు, సరాసరిని అలవంటి దానిని పుట్టించును. పొలమునకిది చాలును. చెవికి మాత్రము ఆ తెరచుటలును మూయుటలును నలతగా తోచును. పైపెచ్చు ఆ పలక మీద పరుగెత్తు ఇతర సంకేతముల సడి కూడ దానిలో దూరును. ఈ కుటుంబములోని కొన్ని యంత్రములకు ఆ రంధ్రము కూడ లేదు. 2015లో వచ్చిన పై జీరోకును, 2023లో వచ్చిన పై 5కును అది కానరాదు. వానికి సౌండు కార్డు అలంకారము కాదు, అవసరము.

సౌండు కార్డును తగిలించుటకు రెండు దారులు కలవు. మొదటిది యు.ఎస్.బి. రంధ్రమున గ్రుచ్చునట్టి చిన్న కార్డు. గ్రుచ్చిన తోడనే కంప్యూటరు దానిని గుర్తించును. తీగల పని లేదు. రెండవది పలక అంచున వరుసదీరియున్న 40 పిన్నులకు నేరుగా కలుపు కార్డు. మేము ఈ రెండవ దారి త్రొక్కితిమి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పి.సి.ఎం. 5102 అను చిప్పు గల చిన్న పలక కొన్ని వందల రూపాయలకే దొరకినది.

కంప్యూటరునకును ఈ కార్డునకును నడుమ నడచు భాషను ఐ-స్క్వేర్డ్-ఎస్ అందురు. 1986లో ఫిలిప్స్ సంస్థవారు దీనిని ఏర్పరచిరి. ఇందు మూడు తీగలే ముఖ్యము. భజనలో తాళము వేయువాడు ఒకడు, గీతము పాడువాడు ఒకడు, ‘ఇప్పుడు ఈ వరుసవారు, ఇప్పుడు ఆ వరుసవారు’ అని చేయి చూపువాడు ఒకడు ఉన్నట్లే యిచటను. 12వ పిన్ను తాళము. 35వ పిన్ను ఎడమ కుడి చెవుల వంతు చూపునది. 40వ పిన్ను అంకెలను మోసికొని పోవునది. 2వ పిన్ను నుండి 5 వోల్టుల విద్యుత్తు, 6వ పిన్ను నుండి భూమి తీగ. మొత్తము ఐదు తీగలు.

ఐదు తీగలను కలిపి మీట నొక్కితిమి. నిశ్శబ్దము. తీగలు విప్పి మరల కలిపితిమి. మరల నిశ్శబ్దము. చిప్పు చెడినదనుకొని రెండవది తెప్పించితిమి, అదియు మూగదే. సూర్యాపేటలో ఒకప్పుడు రేడియోలు బాగుచేసి, ఇప్పుడు సెల్‌ఫోనులు బాగుచేయు మెకానిక్కు ఒకాయన కలడు. ఆయన భూతద్దములో చూచి, “ఈ కాలును గాలికి వదిలేసిండ్రు” అని నవ్వెను. ఎస్.సి.కె. అని గుర్తుగల ఆరవ రంధ్రము అది. బయటినుండి వేరొక తాళము వచ్చునప్పుడు దానిని వాడవలెను. రానప్పుడు దానిని భూమి తీగకు కలుపవలెను. అట్లు కలిపిననే చిప్పు తన తాళమును తానే కల్పించుకొనును. ఆయన ఒక చుక్క సీసము పెట్టెను, కార్డు పలికెను. రెండు చిప్పులును మంచివే! చెడినది మా తొందరపాటు.

ఇక కంప్యూటరునకు ఈ క్రొత్త బంధువును పరిచయము చేయవలెను. అది ఆరంభమగునప్పుడు చదువుకొను ‘కాన్‌ఫిగ్’ అను పట్టికలో ఒక పంక్తి చేర్చవలెను: ‘డీటీ ఓవర్‌లే’ అని వ్రాసి, సమాన చిహ్నమిడి, ‘హైఫైబెర్రీ-డ్యాక్’ అని వ్రాయుట. హైఫైబెర్రీ యనునది ఇట్టి కార్డులు చేయు స్విట్జర్లాండు సంస్థ. వారు సిద్ధపరచిన ఆ పరిచయపత్రము ఈ చిప్పునకును సరిపోవును. పాత ధ్వని మార్గమును ఆపుటకై ‘డీటీ పారమ్ ఆడియో’ అను పంక్తి ముందు ఒక గీతల గుర్తు పెట్టవలెను. తరువాత యంత్రమును ఆపి మరల నడిపి, ‘ఏప్లే’ అను ఆజ్ఞతో కార్డుల జాబితా చూడవలెను. అందు క్రొత్త పేరు కనబడిన పరిచయము కుదిరినట్లే. కనబడియు పలుకకున్నచో, కంప్యూటరు ధ్వనిని టెలివిజను తీగవైపు పంపుచున్నదేమో చూడవలెను. మొదటి యింటికి పోవుట దానికి అలవాటు.

ఇంతవరకు సూర్యాపేట కథ. అటుపిమ్మట యంత్రమును చంకబెట్టుకొని కోదాడ చేరితిమి.

పాత వాల్వు రేడియోల వెనుక గ్రామఫోను తగిలించుటకు రెండు రంధ్రములుండెడివి. పెద్దాయన పెట్టెకును అవి యున్నవి. గాలిలోని అలలను పట్టు భాగము చచ్చినను, ధ్వనిని పెంచి పలికించు భాగము బ్రతికియున్న చాలును. మన కార్డు గ్రామఫోను పాత్ర వహించును. ఇచట శ్రోతలకు ఒక హెచ్చరిక. వాల్వుల పెట్టెలో వందల వోల్టులుండును. మీట ఆపినను కండెన్సర్లలో కొంతసేపు నిలిచియుండును. అంతకన్న మోసము మరియొకటి కలదు. ట్రాన్స్‌ఫార్మరు లేక, ఏ.సి.కిని డి.సి.కిని పనికివచ్చునట్లు చేసిన పెట్టెలు కొన్ని కలవు. వాని లోపలి ఇనుప చట్రమే కరెంటుతో కలిసియుండును. అట్టి దానికి కంప్యూటరును కలిపినచో యంత్రముతోబాటు మనుష్యుడును పోవచ్చును. కావున తెలిసిన మెకానిక్కు చూడనిదే వెనుక అట్ట తీయరాదు. మాతో వచ్చిన సూర్యాపేట మెకానిక్కు ఈ పెట్టెలో ట్రాన్స్‌ఫార్మరు కలదని నిర్ధారించి, ఎండిపోయిన కండెన్సర్లను మార్చిన పిదపనే మమ్ము దగ్గరకు రానిచ్చెను.

కార్డు ఎడమ కుడి రెండు ధ్వనుల నిచ్చును. పాత పెట్టెకు నోరు ఒక్కటే. ఆ రెండింటిని తిన్నగా ముడివేయరాదు. ఒకదానితో ఒకటి పెనుగులాడును. ఒక్కొక్క దారిలో ఒక్కొక్క రెసిస్టరు నుంచి కలిపితిమి. ఈ కార్డు గరిష్ఠముగా సుమారు 2 వోల్టుల ధ్వని నిచ్చును. గ్రామఫోను రంధ్రమునకు అది ఎక్కువయై మాట బొంగురుపోయెను. ఈ చిప్పులో ధ్వనిని తగ్గించు మీట లేదు కావున కంప్యూటరులోని కార్యక్రమము ద్వారానే కొంత తగ్గించితిమి. తక్కిన హెచ్చుతగ్గులు పెద్దాయన చేతిలోని పాత మీటకే విడిచితిమి.

అయినను గుయ్యిమను ఒక మ్రోత మిగిలెను. కంప్యూటరునకు ఒక దారిని, రేడియోకు వేరొక దారిని కరెంటు వచ్చుచుండ, ధ్వని తీగ ఆ రెండింటి భూములను కలిపి ఒక వలయము చేయును. ఆ వలయములో ఇంటి కరెంటు మ్రోత తిరుగును. నడుమ ఒక చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు నుంచినచో ధ్వని దాటును, వలయము తెగును. అది పెట్టగానే మ్రోత పోయినది. మేము వాడిన సెల్‌ఫోను ఛార్జరును కూడ మార్చితిమి. అది బలము చాలక, తెర మీద మెరుపు గుర్తు వచ్చుచుండెను. కరెంటు హఠాత్తుగా పోవుట వలన కంప్యూటరు మెమరీ కార్డులోని వ్రాతలు చెడకుండ, దానిని చదువుటకే తప్ప వ్రాయుటకు వీలులేని స్థితిలో నుంచితిమి.

కేంద్రములు మార్చుటకు మూడు కాలింగు బెల్లు మీటలు పెట్టదలచితిమి: ఒకటి హైదరాబాదునకు, ఒకటి విజయవాడకు, ఒకటి వివిధభారతికి. మొదటి మీటను తెలియక 12వ పిన్నునకు కలిపితిమి. నొక్కినంతనే ధ్వని ఆగిపోయినది. తాళము వేయువాని చేయి పట్టుకొంటిమి గదా! పిన్ను కాలిపోనందులకు సంతోషించి, మీటలను 11, 13, 15 పిన్నులకు మార్చితిమి. మీటల మీద పెద్దాయన వ్రేళ్ళకు తెలియునట్లు ఒక గింజ, రెండు గింజలు, మూడు గింజలు అతికించితిమి.

మరునాటి ప్రొద్దున వారు స్వయముగా ఒంటిగింజ మీట నొక్కిరి. వాల్వులు వేడెక్కు ఆ కొద్దిసేపు ఎవరమును మాటాడలేదు. తరువాత వార్తలు వచ్చినవి. చదువువారు ఊపిరి తీసికొనిన చోట ఊపిరి మాత్రమే వినవచ్చెను. పెద్దాయన చివరిదాక విని, “గొంతు మనదే, గని పక్కింట్ల ముందే మొదలైంది” అనిరి. ఇంటర్నెట్టు దారి తిరిగి వచ్చుట వలన పలుకు మా యింట అరనిమిషము వరకు ఆలస్యమగుచున్నది. ఆ పెట్టెను నమ్మి గడియారము సరిచేసికొనరాదని మేము చెప్పకమునుపే వారు కనిపెట్టిరి. ఆ లోపమును మేము తీర్చలేదు. అది దారి లోపము గాని కార్డు లోపము కాదు.

ఈ విజయముతో గర్వించి మిర్యాలగూడలో చేసిన పొరపాటును కూడ చెప్పక తప్పదు. అచటి మిత్రుని అమ్మమ్మగారు నాట్లపాటలు పాడుదురు. 1967లో సాగరు నీరు విడుదలయిన పిదప ఆ సీమ వరిసీమ యైనది. నాట్ల బురదలో మోకాటిలోతున నిలిచి ఆమె నేర్చిన పాటలవి. యంత్రములు నాట్లు వేయు కాలము వచ్చుటతో పాడు సందర్భము తగ్గిపోయినది. వానిని పదిలపరుపవలెనని అదే కంప్యూటరును, అదే రకము కార్డును తీసికొనిపోయి, మైకును తగిలించి, ఆమెను పాడుమంటిమి. ఆమె ఒక పూట యెల్ల పాడిరి. తరువాత విని చూతుమన్న ఒక్క అక్షరమును లేదు.

లేకుండుటలో వింత లేదు. మేము కొన్నది గొంతుక, చెవి కాదు. అంకెలను అలగా మార్చు పనివాడు వేరు, అలను అంకెలుగా మార్చు పనివాడు వేరు. ధ్వని కంప్యూటరు లోనికి వచ్చుటకు 38వ పిన్ను ఏర్పడియున్నది. మా కార్డు దానిని తాకనైన తాకదు. పలక మీది చెవిగొట్టముల రంధ్రము కూడ ధ్వనిని వెలికి పంపునదే గాని లోనికి తీసికొనునది కాదు. ఐదు తీగలను మా చేతులతోనే కలిపియు, ఆ ఖాళీగా నున్న పిన్ను చెప్పుచున్న సాక్ష్యమును మేము చదువలేదు.

వారము దినములకు మైకు రంధ్రము గల యు.ఎస్.బి. సౌండు కార్డును తీసికొని మరల పోయితిమి. ప్రక్కనున్న రైసు మిల్లు మోటార్ల మ్రోత పాటలో చేరకుండ, మిల్లు ఆగిన రాత్రివేళ ఎన్నుకొంటిమి. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మైకును ఆమె నోటికి జానెడు దూరమున నుంచితిమి. ఈసారి పాటలు చక్కగా పట్టుబడినవి. కాని మొదటినాడు పాడిన వానిలో ఒకటి, నారుకట్టలు పంచుకొనునప్పటిది, ఎంత తలచుకొన్నను ఆమెకు రాలేదు. “అది యాదికొస్తలేదు బిడ్డా! ఆ పూట ఎట్లొచ్చిందో వచ్చింది” అనిరి. ఆ పాట నేటికిని దొరకలేదు.

కావున ఈ పనికి పూనుకొను గృహస్థులకు మా మనవి యిది. సౌండు కార్డు కొనకమునుపు మీ యంత్రమునకు కావలసినది నోరా, చెవియా, రెండునా అని మొదట తేల్చుకొనుడు. వినుటకు మాత్రమే యైనచో డ్యాక్ కార్డు చాలును. పెద్దల మాటలు, పాటలు నిలుపుకొనుటకైనచో రికార్డింగు కలదా యని అడిగి కొనుడు. కొనిన పిదప మీ గొంతుతోనే ఒక నిమిషము పలికి, తిరిగి వినుడు. ఆ ఒక్క నిమిషపు పరీక్ష చేయనందులకు మేము ఒక పాట పోగొట్టుకొంటిమి. కార్డు చెడిన మరియొకటి అంగడిలో దొరకును. కోదాడ పెద్దాయన ప్రతి ప్రొద్దుట గింజ తడవి మీట నొక్కుచున్నారు. మిర్యాలగూడ అమ్మమ్మగారికి ఆ నారుకట్టల పాట ఏ రాత్రియైన జ్ఞాపకము వచ్చునేమోయని, చెవిగల కార్డునొకదానిని వారి యింటనే సిద్ధముగా నుంచినాము.